రేడియాలజీయా, జనరల్ మెడిసినా?

ప్రశ్న:
వైద్యవిద్య ముగించి స్పెషాలిటీని ఎంచుకోవలసిన దశలో ఉన్నాను. కృత్రిమ మేధ స్కానింగులను చదువుతున్న ఈ కాలంలో రేడియాలజీకి మరో 30 ఏళ్ల భవిష్యత్తు ఉంటుందా, లేక జనరల్ మెడిసిన్ మేలా? అనుభవజ్ఞుల సలహా కోరుతున్నాను.

జవాబు 1:
రేడియాలజిస్టులకు శిక్షణ ఇవ్వడం ఇక ఆపేయాలని కృత్రిమ మేధ శాస్త్రవేత్త జెఫ్రీ హింటన్ 2016లో అన్నారు. అయినా వారి అవసరం తగ్గలేదు. చిత్రంలో మచ్చను గుర్తించడం ఆ పనిలో ఒక భాగం మాత్రమే. పాత పరీక్షలతో పోల్చి, సర్జన్‌తో చర్చించి, అవసరమైతే బయాప్సీ (పరీక్ష కోసం కణజాల ముక్క తీయడం) స్వయంగా చేసి, నివేదికకు బాధ్యత వహించేది మనిషే.

జవాబు 2:
జనరల్ మెడిసిన్ నుంచి కార్డియాలజీ (గుండె వైద్యం), నెఫ్రాలజీ (మూత్రపిండాల వైద్యం) వంటి శాఖలకు దారి ఉంటుంది గానీ, మరికొన్నేళ్ల చదువు తప్పదు. వృద్ధుల సంఖ్య పెరుగుతున్నందున దీర్ఘకాలిక జబ్బులను చూసే వైద్యులకు పని తగ్గదని నా నమ్మకం.

జవాబు 3:
రాత్రి డ్యూటీలు 50 ఏళ్ల వయసులోనూ చేయగలరా అన్నది కూడా ఆలోచించండి.