అప్‌డేట్: అలబామా రిసీవర్లలో నా ఓటు మారింది

అలబామా యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు చరిత్రలో గొప్ప వైడ్ రిసీవర్ (ముందుకు పరిగెత్తి పాసులు అందుకునే ఆటగాడు) ఎవరు, అమారి కూపరా, డివాంటా స్మిత్తా అని పోయిన వారం అడిగాను. నా ఓటు కూపర్‌కే అన్నాను. 2014లో ఒక్క సీజన్‌లో 124 క్యాచ్‌లు, 1,727 యార్డులు, ఏటా మేటి కాలేజీ రిసీవర్‌కిచ్చే బిలెట్నికాఫ్ అవార్డు. ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను.

మీ జవాబులు చదివాక పాత మ్యాచ్‌లన్నీ మళ్లీ చూశాను. మనసు మారింది. 2018 జనవరి జాతీయ ఛాంపియన్‌షిప్ ఫైనల్, జార్జియా మీద ఓవర్‌టైమ్. మొదటి ప్రయత్నంలోనే అలబామా క్వార్టర్‌బ్యాక్ (పాసులు విసిరే ఆటగాడు) టూవాను పడేశారు, మరో విడత అవకాశాలు దక్కాలంటే ఇంకా 26 యార్డులు కావాలి. టూవా ముందు కుడివైపు చూసి, ఎడమ గీత వెంట పరిగెడుతున్న స్మిత్‌కు వేశాడు. 41 యార్డులు, టచ్‌డౌన్ (బంతిని గోల్ గీత దాటించడం), కప్పు. ఆ సన్నటి కుర్రాడికి అప్పుడది మొదటి ఏడాది! 2020లో, దేశంలో అత్యుత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ కూడా కొట్టాడు, 1991లో డెస్మండ్ హోవర్డ్ తర్వాత ఏ రిసీవర్‌కూ దక్కనిది. ఆ సీజన్ ఒహాయో స్టేట్‌తో ఫైనల్లో మొదటి సగంలోనే 12 క్యాచ్‌లు, 215 యార్డులు, మూడు టచ్‌డౌన్‌లు. చూస్తుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

1930ల నాటి అలబామా ఆటగాడు డాన్ హట్సన్‌ను మరిచానని కొందరు మందలించారు, న్యాయమే. పాసులే అరుదైన రోజుల్లో, 1935 రోజ్ బౌల్ మ్యాచ్‌లో స్టాన్‌ఫర్డ్ మీద ఆయన 6 క్యాచ్‌లతో 165 యార్డులు తెచ్చాడు. ఆయన రెండో స్థానం. కూపర్ మూడు. మరో అలబామా రిసీవర్ జూలియో జోన్స్‌ను నాలుగులో పెట్టడం బాధగానే ఉంది, కానీ అంతే.