మధ్యాహ్నం ఆక్సిజన్ 14 ఉంది, తెల్లవారితే చేపలు పైకి తేలుతున్నాయి. ఎందుకు?

పోలాకి రైతు:
రెండెకరాల చెరువు. బొచ్చె, శీలావతి కలిపి వేశాను, ముప్పావు కిలో దాకా వచ్చాయి. నీళ్ళు చిక్కటి పచ్చగా ఉన్నాయి. ముసురు పట్టిందంటే తెల్లవారుజామున చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. ఎండెక్కాక మళ్ళీ మామూలే. మొన్న ఎండ కాసిన రోజు మీటరు అరువు తెచ్చి మూడింటికి చూస్తే, కరిగిన ఆక్సిజన్ లీటరుకు 14 మిల్లీగ్రాములు! 5 ఉంటే చాలంటారు కదా? మందుల షాపాయన జబ్బంటున్నాడు. బోరు నీళ్ళు కూడా వదులుతున్నాను. ఒకటే టెన్షన్.

పూసపాటిరేగ పెద్దాయన:
తమ్ముడూ, జబ్బు చేసిన చేప ఎండెక్కేసరికి బాగుపడదు. మందులకు డబ్బు తగలెయ్యకు. నీకు ధైర్యమిచ్చిన ఆ 14 చూస్తేనే నాకు భయం. 30 డిగ్రీల నీళ్ళలో గాలి నుంచి కరిగేది ఏడున్నర దాకానే. మిగతాదంతా ఆ పచ్చటి ప్లాంక్టన్, అంటే నీళ్ళలో తేలే కంటికి కనపడనంత సన్నటి నాచు, ఎండలో తయారుచేసింది. రాత్రయితే అదే ప్లాంక్టన్, చేపలు, అడుగు బురద కలిసి తాగేస్తాయి. ముసురు రోజు పగటి సంపాదన తగ్గుతుంది, రాత్రి ఖర్చు తగ్గదు.

మీటరు తెల్లవారి అయిదింటికి దించు, అడుగున కూడా చూడు. 3 కంటే తక్కువుంటే సంగతి తేలినట్టే. పేడ, కోళ్ళ ఎరువు, డీఏపీ ఆపెయ్యి. ముసురు పోయేదాకా మేతగా వేసే తవుడు, నూనె చెక్క సగానికి తగ్గించు. ఏరేటర్, అదే నీళ్ళలో గాలి కలిపే యంత్రం, అర్ధరాత్రి దాటాక తిప్పాలి. 14 ఉన్నప్పుడు తిప్పితే ఉన్నది గాలిలోకి పోతుంది, నీకు కరెంటు బిల్లు మిగులుతుంది.

బోరు నీళ్ళలో ఆక్సిజన్ చాలావరకు ఉండదు, బొగ్గుపులుసు వాయువు ఎక్కువ. పైపు చెరువులో ముంచకు. ఎత్తు నుంచి రాళ్ళ మీద పడి చెదిరేలా పెట్టు.

టెక్కలి కుర్రాడు:
సున్నం చల్లితే పోదా అండీ? మా నాన్న ఏం తేడా వచ్చినా అదే చల్లుతారు.

పూసపాటిరేగ పెద్దాయన:
నాన్నగారిని ముందు సాయంత్రం నీళ్ళ పీహెచ్ (ఆమ్లమా క్షారమా చెప్పే కొలత, 7 అంటే మధ్యస్థం) చూడమను బాబూ. ఇలాంటి పచ్చ చెరువులో 9 దాటుతుంది. దాని మీద సున్నం పడితే పీహెచ్ ఇంకా ఎక్కి, ఉన్న అమ్మోనియాయే విషమవుతుంది. సున్నం ఆక్సిజన్ ఇవ్వదు.

పోలాకి రైతు:
ఏరేటర్ లేదన్నా. ఉన్నా రాత్రి కరెంటు నమ్మలేం.

పూసపాటిరేగ పెద్దాయన:
డీజిల్ ఇంజను అద్దెకు దొరుకుతుంది కదా. రెండింటికి మొదలుపెట్టి, చెరువు పైనీళ్ళే తోడి అదే చెరువులోకి ఎత్తు నుంచి చిమ్మించు. అడుగు బురద కదపకు. చేపలన్నీ ఆ మూలకే చేరతాయి. చేరాయి కదా అని అక్కడ మేత వెయ్యొద్దు.