అమ్మే పుల్లలు పెడుతుంటే ఏం చేయాలి? ఇది జబ్బా, బుద్ధా?

కోట వీధి కోడలు:
మాది రాజాం దగ్గర పల్లెటూరు, నన్ను విజయనగరం ఇచ్చారు. నాన్న పోయాక అమ్మ అన్నయ్యా వదినల దగ్గరే ఉంటోంది. రోజూ సాయంత్రం ఫోన్ చేసి వదిన పలకరించడం లేదని, తనకి చద్దన్నమే పెడుతోందని ఏడుస్తుంది, నేను వెంటనే అన్నయ్య మీద ఎగురుతాను. మొన్న సిరిమానోత్సవానికి అందరూ మా ఇంటికొచ్చారు. వదినా నేనూ కూరలు తరుగుతూ మాటల్లో పడితే తెలిసిందేంటంటే, నేను వాళ్ళ పుట్టింటివాళ్ళని అడుక్కుతినేవాళ్ళు అన్నానట, వదినేమో నా పిల్లలకి పెంపకం లేదు అందట. ఇద్దరం అనలేదు! అమ్మని కూర్చోబెట్టి అడిగితే "ఇద్దరూ ఒకటై నన్ను దోషిని చేస్తున్నారు" అని గుండె పట్టుకుని మంచమెక్కింది, రాత్రి అన్నం మానేసింది, చివరికి అందరం కలిసి ఆవిడనే బతిమాలుకున్నాం. ఇప్పుడు కొత్తగా బీపీ మాత్రలు మానేశానంటోంది. టెన్షన్ పడి వదినకి చెబితే స్ట్రిప్ ఫొటో తీసి పంపింది, నిన్నటి మాత్ర దాకా గళ్ళు ఖాళీగానే ఉన్నాయి. "నేను చస్తే మీకు పీడ పోతుంది" అన్న మాటైతే మామూలైపోయింది. మా చిన్నప్పుడు కూడా నాన్నమ్మకీ పెద్దమ్మకీ మధ్య ఇలాగే చేసేది. యూట్యూబ్‌లో చూస్తే నార్సిసిస్టిక్ పర్సనాలిటీ డిజార్డర్ (అంతా తన చుట్టూనే తిరగాలనుకునే స్వభావపు జబ్బు) అంటున్నారు, లక్షణాలన్నీ సరిపోయాయి. నిజంగా జబ్బేనా? డాక్టర్ దగ్గరికి ఎలా తీసుకెళ్ళాలి?

నాగావళి ఒడ్డు:
యూట్యూబ్ లక్షణాలు మా ఆయనకీ సరిపోతాయమ్మా, మా హెడ్మాస్టరుకీ సరిపోతాయి. పేరు సంగతి పక్కన పెట్టు. మా అత్తయ్యది అచ్చం ఇదే వరస, శ్రీకాకుళంలో మా దగ్గర ఉండి పలాసలో ఉన్న మా ఆడపడుచుకి చెప్పేది. మేమిద్దరం ఒక మాట అనుకున్నాం. ఎవరి గురించి చెబితే వాళ్ళని అప్పటికప్పుడే లైన్లోకి తీసుకోవడం, "అయ్యో అలాగా, ఉండత్తయ్యా, ఆవిడనే అడుగుదాం" అని. కోపం వద్దు, నిలదీయడం అసలే వద్దు. నువ్వు అందరి ముందూ కూర్చోబెట్టి అడిగావు చూడు, అదే ఆవిడకి ఏడుపు అందించింది.

సైకాలజీ చదివినవాడు:
నేను క్లినికల్ సైకాలజీ చదివాను, అయినా మనిషిని చూడకుండా పేరు పెట్టలేను. అమెరికా సైకియాట్రిస్టులు వాడే మానసిక జబ్బుల పుస్తకం డీఎస్ఎం-5 (2013)లో పర్సనాలిటీ డిజార్డర్లు 10 రకాలు. మీరన్న రకానికి 9 లక్షణాల్లో కనీసం 5 ఉండాలి, మనుషుల్ని వాడుకోవడం అందులో ఒకటి మాత్రమే. అదీ వయసులో ఉన్నప్పటి నుంచీ, ఇంటా బయటా అంతటా కనిపించాలి. అమ్మగారు డ్వాక్రా సంఘంలో, ఇరుగుపొరుగుతో బాగానే ఉంటారా? ఉంటే ఆ పేరు అంత సులువుగా అతకదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన జబ్బుల జాబితా ఐసీడీ-11లో అయితే ఆ పాత రకాలను దాదాపు తీసేసి, తీవ్రత ఎంత అన్నదే ముందు చూస్తున్నారు.

చిన్నప్పటి నుంచీ ఇంతే అంటున్నారు కాబట్టి కొంత స్వభావమే అనుకుందాం. నాన్నగారు పోయాక బాగా పెరిగిందంటే మాత్రం డిప్రెషన్ ఉందేమో చూడాలి, పెద్ద వయసులో మనిషి తీరు మారితే థైరాయిడ్, బి12, మతిమరుపు జబ్బు తొలి దశ కూడా చూస్తారు. పర్సనాలిటీ డిజార్డర్‌కంటూ ప్రత్యేకంగా మాత్ర లేదు, మాటలతో చేసే చికిత్సే ప్రధానం, అది ఆవిడ ఒప్పుకుంటేనే. "నీకు జబ్బు" అని తీసుకెళ్తే రారు. నిద్ర, ఆకలి, నాన్న మీద బెంగ, వీటి గురించి ఒకసారి డాక్టరుతో మాట్లాడదాం అనండి.

చస్తానన్న మాటని నాటకమని కొట్టిపారేయకండి, బెదిరింపుగా మొదలైందే ప్రాణం మీదికి రావచ్చు. "అమ్మా, నిజంగా చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడగండి, అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. పల్లెటూరు అంటున్నారు, పురుగుమందు డబ్బాలు ఇంట్లో ఉంటే ముందు అవి తీయించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి మీరు కూడా ఫోన్ చేయొచ్చు, ఉచితం, ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు. అంతమాత్రాన ఆవిడ అడిగిందల్లా చేయాలని కాదు. భయాన్ని వినండి, వదినని తిట్టమంటే తిట్టకండి.

బొబ్బిలి పెద్దాయన:
అందరూ ఆవిడ బుర్ర చూస్తున్నారు, ఆవిడ పేరు మీద ఏముందో ఎవరూ అడగలేదు. మొగుడు పోయి, భూమి కొడుక్కి రాసిచ్చేసిన ఆడమనిషికి చేతిలో ఇంకేం మిగులుతుంది? కూతురు తనవైపు ఉందన్న ధైర్యం ఒక్కటే. ఆ ధైర్యం కోసమే కోడలిని చెడ్డ చేస్తుంది, తప్పే, కానీ నాకు అర్థమవుతుంది. 2007 పెద్దల సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం, చూసుకుంటానన్న షరతు మీద రాసిచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే ఆర్డీవో దగ్గరుండే ట్రిబ్యునల్‌లో రద్దు చేయించుకోవచ్చు. కేసు వేయమని కాదు నేననేది. ఆవిడకి ఏ హక్కుందో, నెలకి చేతి ఖర్చుకి ఎంత వస్తుందో తేల్చి చెబితే సగం గోల తగ్గుతుంది.

సైకాలజీ చదివినవాడు:
పెద్దాయన గారి మాట కాదనను. కానీ ఈవిడ భూమి రాయకముందు నుంచీ, అత్తగారి కాలం నుంచీ ఇలాగే ఉన్నారట కదా, అది కూడా చూడాలి.

కోట వీధి కోడలు:
బాబాయ్ గారూ, భూమి నిజంగానే పోయినేడు అన్నయ్యకి రాసేసింది, పత్రంలో షరతు ఏమీ లేదు, నాకు అప్పట్లో ఈ ఆలోచనే రాలేదు. చేతి ఖర్చు సంగతి అన్నయ్యతో మాట్లాడతాను. పురుగుమందు డబ్బాలు పశువుల శాలలోకి మార్చి తాళం వేయమని వదినకి చెప్పాను. డ్వాక్రా సంఘంలో అయితే అమ్మ అంటే అందరికీ ప్రాణం, మరి దానికేమంటారో! నిన్న అమ్మ ఫోన్ చేసినప్పుడు వదినని లైన్లోకి తీసుకోబోయాను, "సిగ్నల్ లేదే" అని పెట్టేసింది. మళ్ళీ తనే చేసి జీడిపప్పు ధర గురించి అరగంట మాట్లాడింది.

నాగావళి ఒడ్డు:
మళ్ళీ తనే చేసిందిగా, మంచిదే. అయితే ముందు ముందు గోల ఇంకా పెరుగుతుంది చూడు, పాత మందు పనిచేయకపోతే మోతాదు పెంచుతారు. మా అత్తయ్య మా ఆడపడుచుని వదిలేసి పాలవాడికి చెప్పడం మొదలుపెట్టింది, ఊరంతా తెలిసింది. మీ అన్నయ్యకి ముందే చెప్పి ఉంచు, ఊళ్ళో ఎవరైనా ఏదైనా అంటే వదిన మీద విరుచుకుపడకుండా.