అప్‌డేట్: విండోస్ 11 నుంచి పోస్ట్‌గ్రెస్‌కి ఎస్‌ఎస్‌ఎల్ కనెక్షన్ కుదిరింది

కొత్తగా చూసేవాళ్ల కోసం: మా ఆఫీసు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కి ఎస్‌ఎస్‌ఎల్‌తో, అంటే ఎన్‌క్రిప్ట్ చేసి, కనెక్ట్ అవ్వాలి. సర్వర్ సర్టిఫికెట్‌ని విండోస్ సర్టిఫికెట్ స్టోర్‌లోకి ఎక్కించినా, 'వెరిఫై-ఫుల్' (సర్టిఫికెట్‌నీ, సర్వర్ పేరునీ తనిఖీ చేసే సెట్టింగ్) పెడితే పీఎస్‌క్యూఎల్ (పోస్ట్‌గ్రెస్ కమాండ్‌లైన్ టూల్) "రూట్ సర్టిఫికెట్ ఫైల్ లేదు" అంటోందని అడిగాను.

మీరు చెప్పిందే నిజం. పీఎస్‌క్యూఎల్ వాడే లైబ్రరీ మామూలుగా విండోస్ స్టోర్ వైపు చూడనే చూడదు. యాప్‌డేటా రోమింగ్‌లో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే ఫోల్డర్ చేసి, సీఏ సర్టిఫికెట్‌ని (సర్వర్ సర్టిఫికెట్‌ని జారీ చేసినవాళ్లది) రూట్ డాట్ సీఆర్‌టీ పేరుతో అందులో పెట్టగానే ఆ ఎర్రర్ పోయింది.

వెంటనే ఇంకోటి వచ్చింది: హోస్ట్ పేరు సరిపోవట్లేదట. మా టీమ్ అంతా ఐపీ అడ్రస్‌తోనే కనెక్ట్ అవుతాం, సర్టిఫికెట్‌లో ఉన్నదేమో సర్వర్ పేరు. 'హోస్ట్'లో పేరు, 'హోస్ట్‌అడ్రస్' (hostaddr)లో ఐపీ రెండూ ఇస్తే సరిపోయింది: కనెక్షన్ ఐపీకి వెళ్తుంది, తనిఖీ పేరుతో జరుగుతుంది. ఇంత చక్కటి సదుపాయం గురించి ఎవరూ మాట్లాడరెందుకో! నేను వాడే ఇంకో డేటాబేస్ టూల్ డీబీవర్ జావా డ్రైవర్‌తో నడుస్తుంది కాబట్టి అక్కడ ఈ కిటుకు పనిచేయదు. అడ్మిన్‌ని బతిమాలి హోస్ట్స్ ఫైల్‌లో (ఏ పేరుకి ఏ ఐపీయో చెప్పే విండోస్ ఫైల్) ఒక లైను చేర్పించాను.

'వెరిఫై-ఫుల్' బదులు 'రిక్వైర్' సెట్టింగ్‌తో సరిపెట్టుకోమన్నవాళ్లకు: రూట్ ఫైల్ లేనప్పుడు అది ఎన్‌క్రిప్ట్ చేస్తుందే తప్ప అవతల ఉన్నది మన సర్వరేనా అని చూడదు. మావి జీతాల డేటా, అంత ధైర్యం లేదు.

కనెక్షన్ల ఎన్‌క్రిప్షన్ వివరాలు చూపే పీజీ_స్టాట్_ఎస్‌ఎస్‌ఎల్ వ్యూలో నా కనెక్షన్ వరుస చూశాను, టీఎల్‌ఎస్ 1.3 అని ఉంది, అంటే ఎన్‌క్రిప్ట్ అవుతోంది. అందరికీ థాంక్స్.