ఎదుటి కోతి ఎత్తుగడను మెదడు ముందే పసిగడుతుందా, లేక పాత ఆటల లెక్కేనా?

న్యూరోసైన్స్ తెలిసినవాళ్లు కాస్త సాయం చేయండి. నేను ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను. మెదడు పాఠంలో హరూష్, విలియమ్స్ అనే పరిశోధకులు 2015లో ప్రచురించిన రీసస్ కోతుల ప్రయోగం చెప్పాలనుంది. నాకు చాలా నచ్చిన ప్రయోగం అది.

రెండు కోతుల్ని పక్కపక్కన కూర్చోబెట్టి ఆట ఆడించారు. రెండూ సహకరిస్తే రెండింటికీ ఓ మోస్తరు జ్యూస్. ఒకటి సహకరించి రెండోది దగా చేస్తే దగా చేసినదానికే ఎక్కువ. ఎదుటిది ఏం ఎంచుకుందో ఇంకా తెలియకముందే, యాంటీరియర్ సింగ్యులేట్ కార్టెక్స్‌లో (మెదడు ముందు భాగంలో లోపలివైపు ఉండే ప్రాంతం) కొన్ని న్యూరాన్లు దాని ఎంపికకు తగ్గట్టు స్పందించాయి. సొంత ఎంపికకు స్పందించినవి చాలావరకు వేరే న్యూరాన్లు! ఆ చోట కరెంటుతో కదిలిస్తే సహకారం తగ్గింది, ముఖ్యంగా కిందటి ఆటలో ఎదుటిది సహకరించి ఉంటే.

ఇక్కడే నాకు చిక్కొచ్చింది. కిందటి ఆట గుర్తుపెట్టుకుని అంచనా వేయడం ఒకటి, ఎదుటిదాని మనసులో ఏముందో ఊహించడం మరొకటి. ఇదే ప్రయోగంలో కోతుల్ని వేరే గదుల్లో పెట్టినా, కంప్యూటర్‌తో ఆడించినా సహకారం తగ్గిందంటే ఇది ఉత్త లెక్క కాదనిపిస్తుంది. అయినా పిల్లలకు 'కోతి ఎదుటిదాని ఉద్దేశం చదువుతుంది' అని చెప్పేయొచ్చా? ఈ రెండింటినీ విడదీసి చూపించిన ప్రయోగాలేమైనా ఉంటే చెప్పగలరా?