ఎల్లుండి తేనెటీగల సమావేశం: పాడైన తేనెపట్టు ముక్క ఎలా పట్టుకెళ్లాలి? (అర్జెంటు)

అరకు కుర్రాడు:
పొద్దుటి నుంచి తల పట్టుకుని కూర్చున్నాను. ఎల్లుండి విజయనగరంలో మన చుట్టుపక్కల జిల్లాల తేనెటీగల పెంపకందార్ల సమావేశం ఉంది కదా. నిపుణులు వచ్చి ఎవరి సమస్య వాళ్లని అడిగి చూస్తారట. "సమస్య ఉన్నవాళ్లు నమూనా తెచ్చుకోవాలి" అని మెసేజ్‌లో ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. నమూనా అంటే ఏంటి, ఎంత, దేంట్లో తేవాలి? ఏమీ లేదు. నిన్న సాయంత్రం పట్టు ముక్క కోసి పాలిథిన్ కవర్లో పెట్టి ముడేశాను. తెల్లారి చూస్తే లోపలంతా చెమట పట్టి, నల్లబడి, ఒకటే కంపు. మళ్లీ కోసి స్టీలు డబ్బాలో పెట్టాను. మధ్యాహ్నానికి అదీ అంతే. వాళ్లకి ఫోన్ చేస్తే ఎత్తే నాథుడు లేడు. ఇక ఇవన్నీ కాదని, పట్టు కట్టిన ఫ్రేము ఫ్రేమంతా ఈగలతో సహా చిన్న పెట్టెలో పెట్టుకుని బస్సెక్కేద్దాం అనుకుంటున్నాను. తెలిసినవాళ్లు ఎవరైనా తొందరగా చెప్పండి, ప్లీజ్.

మైనం:
ఏ ఈగ? ఏం పాడైంది? ఫోటో?

పది పెట్టెలు:
ఈ సమావేశానికి వెళ్తే సర్టిఫికెట్ ఇస్తారా? ఖాదీ కమిషన్ పెట్టెలకి అప్లై చేయాలి, శిక్షణ కాగితం అడుగుతున్నారు.

మాస్టారు (రిటైర్డ్):
బాబూ, ముందు ఒక మాట. ఈ మధ్య ఎవర్ని చూసినా నాలుగు పెట్టెలు కొనేసి సమావేశాలకి పరిగెత్తడమే గాని, పెంపకం చరిత్ర చదివినవాళ్లు లేరు. మన దక్షిణాదిలో చట్రాల పెట్టెతో పెంపకం నిలదొక్కుకుంది తిరుచిరాపల్లి ప్రాంతంలో న్యూటన్ అనే ఫాదరీ వల్ల. 1911-17 మధ్య ఆయన ఊళ్లవాళ్లకి దగ్గరుండి నేర్పించాడు. మన దేశీ ఈగ ఒంటికి సరిపడేలా చిన్న పెట్టె తయారు చేశాడు. ఈ రోజుకీ దాన్ని న్యూటన్ పెట్టె అనే అంటారు. అలాంటి దేశీ ఈగని పక్కన పెట్టి, 1960ల మొదట్లో హిమాచల్‌లోని నగ్రోటాలో నిలదొక్కుకున్న ఇటాలియన్ ఈగ వెనక అందరూ పడ్డారు. అది మైదానాల్లో, ఆవాలూ పొద్దుతిరుగుడూ వేల ఎకరాల్లో ఉన్నచోట బాగుంటుంది. మన మన్యంలో కొండవాలు మీద వలిసెలు, అడవి పూత, అక్కడక్కడ కుంకుడు. అక్కడ దానికేం పని? మీది ఏ ఈగో చెప్పలేదు గాని, ఇటాలియన్ అయితే రోగం రావడంలో వింతేమీ లేదు.

కొబ్బరితోట:
మాస్టారూ, దేశీ ఈగకి రోగాలు రావా? ఇటాలియన్ పెట్టెకి ఏడాదికి పాతిక నుంచి నలభై కిలోలు తీస్తాం. దేశీ పెట్టెకి ఐదో పదో. పిల్లల ఫీజులు చరిత్రతో కట్టలేం కదండీ.

తమ్ముడూ, నువ్వు చెప్పేది కుళ్లు రోగం. టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ పొడి చక్కెర పాకంలో కలిపి పెట్టు, వారంలో సర్దుకుంటుంది. దానికి విజయనగరం దాకా ఎందుకు?

మైనం:
ఏ ఈగో తెలీదు, ఏ రోగమో తెలీదు. మందు మాత్రం చెప్పేశారు.

అరకు కుర్రాడు:
ఏ ఈగ అంటారేంటండీ, మా వైపు పెంచేది తొర్ర ఈగే కదా. దేశీదే. పిల్ల పురుగులు చచ్చిపోతున్నాయి. నేను అడిగింది మందు గురించి కాదు, ముక్క ఎలా పట్టుకెళ్లాలి అని.

వలిసపూలు:
తమ్ముడూ, ముందు నీ ప్రశ్నకే వస్తాను.

పాలిథిన్, స్టీలు డబ్బా, అల్యూమినియం రేకు ఏవీ వద్దు. గాలాడక తేమ నిలిచి బూజు పడుతుంది. ఆ తర్వాత పురుగు రోగంతో చచ్చిందా, కవర్లో కుళ్లిందా అన్నది ఎంత పెద్ద నిపుణుడైనా చెప్పలేడు. మామూలు న్యూస్‌పేపర్ చాలు. అరచేతిలో పట్టేంత ముక్క, కనీసం రెండంగుళాల చదరం, చచ్చిన పురుగులు ఎక్కువగా ఉన్నచోట నుంచి కొయ్యి. తేనె ఉన్న గదులు ఆ ముక్కలో రానివ్వకు. తేనె కారితే పేపరు తడుస్తుంది, దారిలో చీమలు పడతాయి. నొక్కకుండా వదులుగా రెండు మూడు మడతలు చుట్టి, చెప్పుల అట్టపెట్టె లాంటి దాంట్లో పెట్టు. ఇవాళ కొయ్యకు, రేపు సాయంత్రం కొయ్యి. బస్సులో కిటికీ పక్కన ఎండలో పెట్టకు.

ఇలా చుట్టిన ముక్క చూపించడానికి, పరీక్షించడానికి సరిపోతుంది. వైరస్ అని ఖాయం చేయాలంటే ల్యాబ్‌లో పీసీఆర్ అనే జన్యు పరీక్ష చేయాలి. దానికైతే పురుగుల్ని ఐస్‌లో పెట్టి పంపాలి. అది అవసరమో కాదో వాళ్లే చెప్తారు.

ఫ్రేము ఈగలతో సహా తేవడం మాత్రం వద్దే వద్దు. బస్సులో లేస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? అంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. ఇలాంటి సమావేశాల్లో మధ్యాహ్నం పెట్టెలు తెరిచి చూపిస్తారు. నీ రోగం ఫ్రేము వాటి పక్కన పెట్టావంటే, వాటికీ అంటుతుంది, అందరూ ముట్టుకుని ఎవరి ఊరికి వాళ్లు పట్టుకుపోతారు. నేర్చుకోవడానికి వచ్చి రోగం పంచినట్టవుతుంది. ముక్క కోసిన కత్తిని మంట మీద కాల్చు, చేతులు సబ్బుతో కడుక్కో, ఆ గ్లౌజులు అక్కడికి తేకు.

ఇంతకీ పురుగు ఎలా చచ్చి ఉందో చెప్పు. మూత వేసిన గదిలోనా, వేయకముందా? తల ఎటు ఉంది? రంగేంటి?

పది పెట్టెలు:
తేనెటీగల పెంపకందార్ల ప్రభుత్వ పోర్టల్ మధుక్రాంతిలో రిజిస్ట్రేషన్ ఉంటేనే సమావేశానికి రానిస్తారని ఎవరో అన్నారు. నిజమేనా?

మైనం:
కాదు.

కొబ్బరితోట:
వలిసపూలు గారు, అంత హంగామా ఎందుకండీ. పురుగు కుళ్లితే కుళ్లు రోగమే. మా వైపు అందరం అదే అంటాం.

వలిసపూలు:
మీరు అనేదాంట్లో రెండు మూడు రోగాలు కలిసిపోయాయి, కొబ్బరితోట గారూ. యూరోపియన్ ఫౌల్‌బ్రూడ్, అమెరికన్ ఫౌల్‌బ్రూడ్ బాక్టీరియా వల్ల వస్తాయి. సాక్‌బ్రూడ్, అంటే సంచి రోగం, వైరస్ వల్ల. యూరోపియన్‌లో పురుగు చాలావరకు మూత వేయకముందే చస్తుంది, గదిలో అడ్డదిడ్డంగా ముడుచుకుని పసుపు రంగుకి తిరుగుతుంది, పుల్లటి వాసన. అమెరికన్‌లో మూత లోపలికి కుంగి, పురుగు జిగురు జిగురుగా అవుతుంది, ఎండితే గోడకి అతుక్కుపోయి ఊడి రాదు. ఈ రెండో దాన్ని మన దేశంలో పెద్దగా చూడం. సాక్‌బ్రూడ్‌లో పురుగు నిటారుగా పడుకుని, తల పైకెత్తి, సంచిలా తయారవుతుంది. మీ ఇటాలియన్‌లో మీరు చూసేది ఎక్కువగా మొదటిదే అయి ఉంటుంది. కుర్రాడిది దేశీ ఈగ. అందుకే అడుగుతున్నాను.

కొబ్బరితోట:
పేరు ఏదైతే ఏంటండీ, మేం కుళ్లనే పిలుస్తాం.

మైనం:
పిలవండి. మందు కూడా పేరు చూసే ఇస్తారు. వైరస్‌కి టెట్రాసైక్లిన్ ఏం పనిచేస్తుంది?

కొబ్బరితోట:
వైరస్ అని ఎవరు తేల్చారు?

వలిసపూలు:
తేల్చడానికే అడుగుతున్నా. తమ్ముడూ, అగ్గిపుల్ల తీసుకుని చచ్చిన పురుగులోకి గుచ్చి, తిప్పి, మెల్లగా పైకి లాగు. తీగలా సాగుతుందా, సాగదా చూసి చెప్పు. పుల్ల అక్కడ పారేయకు, కాల్చెయ్యి.

మాస్టారు (రిటైర్డ్):
వలిసపూలు అమ్మా, మీరు చెప్పింది బాగుంది. 1991-92లో ఈ సంచి రోగమే దక్షిణాది అంతా ఊడ్చిపెట్టింది. థాయిలాండ్‌లో 1976లో బయటపడ్డ వైరస్ అది, అందుకే థాయ్ సాక్‌బ్రూడ్ అంటారు. కేరళ, కర్ణాటక, తమిళనాడుల్లో పెట్టెలకి పెట్టెలు ఖాళీ అయిపోయాయి. ఎంతోమంది ఖాళీ పెట్టెలు అటక ఎక్కించేశారు. ఇటాలియన్ ఈగ దక్షిణాదికి పాకడానికి అదొక కారణం. తిండి కోసం దాన్ని పట్టుకున్నవాళ్లని నేనేమీ అనను, కానీ...

కొబ్బరితోట:
చూశారా, ఒప్పుకున్నారు.

మాస్టారు (రిటైర్డ్):
నేను ఒప్పుకున్నది వేరు. ఆ రోగాన్ని తట్టుకుని మిగిలిన దేశీ ఈగల కుటుంబాల నుంచే మళ్లీ పిల్లలు చేసుకుంటూ చాలామంది కోలుకున్నారు. అది రాయనిచ్చారా మీరు?

అరకు కుర్రాడు:
చేశాను. తీగ సాగలేదు. అసలు పుల్ల గుచ్చేలోపే పురుగు మొత్తంగా ఊడి వచ్చింది. పైన పల్చటి పొర, లోపల నీళ్లు. చిన్న సంచి పట్టుకున్నట్టే ఉంది. తల దగ్గర నల్లగా, కింద పసుపు. కొన్ని గదుల మూతలకి సూదితో గుచ్చినట్టు కన్నాలున్నాయి. ఎండిపోయినవి రెండు చివర్లూ పైకి లేచి పడవలాగా ఉన్నాయి, గోరుతో తడితే రాలిపోతున్నాయి. పెద్ద ఈగలు బాగానే తిరుగుతున్నాయి. ఒక పెట్టెలో ఈగలు మాత్రం ముందురోజు దాకా ఉండి, తెల్లారేసరికి పెట్టె వదిలి లేచిపోయాయి.

మైనం:
సాక్‌బ్రూడ్.

వలిసపూలు:
నూటికి తొంభై పాళ్లు అదే. ఈ లక్షణాలన్నీ ఇలాగే ఒక కాగితం మీద రాసుకుని తీసుకెళ్లు, ముక్క కన్నా ఆ కాగితమే ఎక్కువ పనికొస్తుంది. దాంతోపాటు ఈగలు ఎక్కడి నుంచి తెచ్చావు, ఎప్పుడు తెచ్చావు, ఏ పెట్టెలో మొదలైంది, ఫ్రేములు ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకి మార్చావా, పాకం పెట్టావా, పక్క పొలాల్లో మందు కొట్టారా అన్నవీ రాసుకో. అక్కడ మనిషికి దొరికేది కొద్ది నిమిషాలే. ఇవన్నీ ఒకటొకటిగా అడిగి లాగేసరికి టైం అయిపోతుంది.

అరకు కుర్రాడు:
కిందటి నెల పక్క జిల్లా నుంచి ఆరు కుటుంబాలు కొన్నాను. వాటిలో ఒకటి కాస్త నీరసంగా ఉంటే నా పాత పెట్టెల్లోంచి పిల్లలున్న ఫ్రేము వేశాను. దాని ఖాళీ ఫ్రేము పాతదాంట్లో పెట్టాను. ఇది మామూలే కదా?

మైనం:
అదే ముందు చెప్పాల్సింది.

వలిసపూలు:
ఆ వివరం కాగితంలో మొదటి లైనులో రాయి. ఎల్లుండి దాకా ఒక్క ఫ్రేము కూడా అటూ ఇటూ మార్చకు. రోగం ఉన్న పెట్టెని చివర్లో తెరువు. ముందు అది తెరిచి అదే చేత్తో మిగతావి తెరవకు. వేరే పెట్టెల నుంచి తేనె దోచుకునే దోపిడీ ఈగలు రాకుండా ద్వారం చిన్నది చెయ్యి.

దీనికి మందు లేదు. రాణిని కొన్నాళ్లు గుడ్లు పెట్టనీయకుండా చిన్న పంజరంలో ఉంచితే, కొత్త పురుగులు లేక రోగం గొలుసు తెగుతుంది, ఈలోగా కూలి ఈగలు గదులు శుభ్రం చేసుకుంటాయి. బాగా పాడైన పట్లు తీసి కాల్చేస్తారు. రోగం పట్టని కుటుంబం నుంచి రాణిని చేసి మార్చడం ఇంకో దారి. ఈ మూడింటిలో నీ పెట్టెల బలానికి ఏది సరిపోతుందో అక్కడ నిపుణుడినే అడుగు. "మందేంటి" అని మాత్రం అడగకు, ఆ జవాబుతోనే నీ టైం అయిపోతుంది.

కొబ్బరితోట గారూ, కోపం వద్దు, ఇంకొక్క మాట. యాంటీబయాటిక్ పెట్టిన పెట్టెలో తేనె తీస్తే దాని ఆనవాళ్లు తేనెలో ఉంటాయి. పరీక్షలో దొరికితే సరుకు మొత్తం వెనక్కి వస్తుంది. వలిస పూత మీద ఉన్న పెట్టెల్లో ఎవరూ ఆ పని చేయకూడదు.

కొబ్బరితోట:
కోపమేం లేదండీ. మా సీజన్‌లో తేనె తీసేశాకే పెడతాం మేం.

పది పెట్టెలు:
సర్టిఫికెట్ సంగతి ఎవరూ చెప్పలేదు.

వలిసపూలు:
ఒక్క రోజు సమావేశానికి వచ్చినట్టు కాగితం ఇచ్చినా, అది శిక్షణ సర్టిఫికెట్ కింద చెల్లుతుందనుకోకండి. రోజుల తరబడి జరిగే శిక్షణ వేరే. అక్కడికి వచ్చిన అధికారుల్నే అడగండి, తేదీలు వాళ్లకి తెలుస్తాయి. ఆ పనికి మాత్రం వెళ్లొచ్చు.

పెట్టెలు తెరిచే చోటికి వచ్చేవాళ్లందరికీ ఇంకో సంగతి. సెంటు, ఘాటైన తలనూనె వద్దు. నల్ల బట్టలు, ఉన్ని బట్టలు వద్దు. అరటిపండు తిని పెట్టె దగ్గరికి రాకండి. ఈగ కుట్టినప్పుడు మిగతావాటిని పిలవడానికి వదిలే వాసన అరటిపండు వాసనలాగే ఉంటుంది. నవ్వకండి, కిందటిసారి ఒకాయన టిఫిన్‌లో రెండు పళ్లు తిని నేరుగా ముందు వరసలోకి వచ్చాడు.

మాస్టారు (రిటైర్డ్):
ఇది మాత్రం నిజం. మా రోజుల్లో

మాస్టారు (రిటైర్డ్):
సగంలో పోస్టయిపోయింది. సరే, ఎల్లుండి కలిసినప్పుడు చెప్తాను.

అరకు కుర్రాడు:
ముక్క రేపు సాయంత్రం కోస్తా, పేపర్లోనే చుడతా. కాగితం కూడా రాసేశాను. థ్యాంక్స్ అక్కా. ఎస్. కోట మీదుగా విజయనగరం పొద్దున్నే మొదటి బస్సు ఎన్నింటికి?

పది పెట్టెలు:
భోజనం అక్కడే పెడతారా?

మైనం:
పెడతారు.

కొబ్బరితోట:
మాస్టారూ, ఇటాలియన్ గురించి నేనడిగిందానికి ఇంకా జవాబు రాలేదు.