అద్దం సీన్‌లో జంప్ స్కేర్ పేలట్లేదు, తప్పెక్కడ?

రీల్_రాత్రి:
8 నిమిషాల షార్ట్ ఫిల్మ్, యూట్యూబ్ కోసం. హీరోయిన్ బాత్రూమ్‌లో అద్దం ఉన్న చిన్న అల్మరా తెరిచి మాత్ర తీసుకుంటుంది. తలుపు వేయగానే అద్దంలో వెనక ఆకారం, దాంతోపాటే పెద్ద సౌండ్. ఎవరూ ఉలిక్కిపడట్లేదు, పైగా నవ్వుతున్నారు. సౌండ్ ఇంకా పెంచాలా?

కట్‌పాయింట్:
పెంచకండి, ముందున్నది తగ్గించండి. ఆ షాట్ ముందు వయొలిన్లు ఉంటే తీసేయండి, దెయ్యం వస్తోందని అవే చాటింపు వేస్తాయి. 10 సెకన్ల ముందు నుంచి ఫ్యాన్, కీచురాళ్లు ఒక్కొక్కటే దించండి. పూర్తిగా మ్యూట్ చేస్తే మాత్రం జనం ఫోన్ వాల్యూమ్ చూసుకుంటారు. గది హోరు సన్నగా ఉంచి, కుళాయి చుక్క ఒకటి వేయండి చాలు.

ఆ పెద్ద సౌండ్ దెబ్బకి ఫేడ్ ఇన్ (మెల్లగా పెరగడం) ఉండకూడదు. బొమ్మ కంటే ఒక ఫ్రేమ్ ముందు పడినా పర్లేదు గానీ, వెనక పడితే తుస్సే. కంటికన్నా చెవి త్వరగా స్పందిస్తుంది.

యూట్యూబ్ మైనస్ 14 లఫ్స్ (సౌండ్ ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) దాటిన ఆడియోని తనే తగ్గిస్తుంది. అంతా గట్టిగా మిక్స్ చేస్తే దెబ్బకి చోటేది? పైగా ఫోన్ స్పీకర్‌లో బేస్ ‘ధడ్’ దాదాపు వినపడదు. దానిమీద 2-4 కిలోహెర్ట్జ్‌లో, స్టీలు గిన్నెని గరిటెతో గీకినట్టుండే శబ్దం కలపండి.

అర్ధరాత్రి_ఆట:
సౌండ్ సరే, అసలు తప్పు టైమింగ్‌ది. అల్మరా తెరవగానే ప్రేక్షకుడు కళ్లు చికిలించుకుని రెడీ అయిపోతాడు, అంత అరిగిపోయింది ఆ ట్రిక్కు. తలుపు వేశాక అద్దం ఖాళీగా ఉండాలి. హమ్మయ్య అనుకోడానికి 36 నుంచి 48 ఫ్రేములు ఇవ్వండి, సెకనుకు 24 లెక్కన ఒకటిన్నర నుంచి రెండు సెకన్లు. ఆమె తల దించి కుళాయి తిప్పాక, అప్పుడు రప్పించండి. ఆకారం 12 ఫ్రేములు మించొద్దు. మేకప్ గమనించేంత టైమిస్తే నవ్వు రాక ఏమొస్తుంది?

1942 నాటి హాలీవుడ్ హారర్ సినిమా ‘క్యాట్ పీపుల్’లో రాత్రి నడక చూడండి. చిరుతగా మారే అమ్మాయి ఒకామెను వెంటాడుతుంటుంది, వెనక వస్తున్న ఆ హీల్స్ చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఇక చిరుత దూకుతుందనగా బుస్సుమని వచ్చి ఆగేది సిటీ బస్సు! నిర్మాత వాల్ లూటన్ పేరుమీద దాన్ని ఇప్పటికీ ‘లూటన్ బస్’ అంటారు. భయపెట్టింది బస్సు కాదు, ఆగిపోయిన ఆ అడుగులు. 8 నిమిషాల్లో ఇలాంటి ఉత్తుత్తి బెదిరింపు ఒక్కటే వాడండి, రెండోసారికి పిల్లి దూకినా ఎవరూ కదలరు.

రీల్_రాత్రి:
తలుపు వేశాక ఖాళీ అద్దం ఒక సెకనే ఉంది. రీషూట్ కుదరదు.

కట్‌పాయింట్:
మిగతా టైమ్‌ని కుళాయి తిప్పే చెయ్యి క్లోజప్‌తో నింపండి, అది ఏ ఇంట్లో తీసినా సరిపోతుంది, నటి కూడా అక్కర్లేదు. వైట్ బ్యాలెన్స్ (వెలుతురు రంగు) పాత షాట్‌తో కలపండి. గాజులు, గోళ్ల రంగు మాత్రం చూసుకోండి.